అడంగల్‌లో ఆడకూతురు ఎక్కడ?

మొన్న మార్కాపురంలో సమావేశం ముగిసి అందరూ లేస్తుండగా, ఒకప్పుడు పలకల పనిలో ఉన్న ఒక పెద్దామె నా దగ్గరికొచ్చింది. "అమ్మా, మావాడు సెల్‌లో చూసినాడు. మా నాయన భూమిలో నా పేరు లేదంట. కంప్యూటర్లోనే లేదంటే ఇంక నాకేం హక్కు ఉన్నట్టు?" అని అడిగింది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. ఉన్న విషయాన్ని ఖాయం చేసుకోవడానికి అడిగినట్టుంది.

ఈ వ్యాసం ఆమెకు నేను అక్కడికక్కడ సరిగా చెప్పలేకపోయిన జవాబు. ఆమె మాటలో రెండు నమ్మకాలున్నాయి. రికార్డులో పేరుంటేనే హక్కున్నట్టని ఒకటి. కంప్యూటర్‌కు ఆడా మగా తేడా లేదు కాబట్టి అది చెప్పింది నిజమేనని రెండోది. ఈ రెండింటినీ ఆమెకు నేర్పింది మనమే. "మీ భూమి వివరాలు ఇంట్లో కూర్చుని మీరే చూసుకోండి" అని ప్రభుత్వాలు పదేళ్లకు పైగా ఊదరగొడుతుంటే, ఆ "మీరు" ఎవరని స్త్రీల సంఘాలుగా మనం అడగలేదు.

వెబ్‌సైటులో రికార్డు చూడగలగడాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యేదాకా ఊరి భూమి లెక్క కరణం ఇంటి పెట్టెలో ఉండేది. ఆ ఇంటి అరుగెక్కి "మా నాయన పేర ఎంతుందో చూడండయ్యా" అని అడిగే చనువు దళితులకు లేదు, ఏ కులం ఆడవాళ్లకూ లేదు. 2011లో మీసేవ కేంద్రాలు వచ్చాయి. 2015 జూన్‌లో 'మీ భూమి' వెబ్‌సైటు మొదలైంది. ఇప్పుడు అడంగల్, 1-బి, ఊరి పటం, పొలం కొలతల పటం సెల్‌ఫోన్‌లోనే చూడవచ్చు. పెట్టె మూత తెరుచుకున్న మాట నిజం. కానీ పెట్టెలో ఏముంది? కరణం రాసిందే ఉంది. అతని తర్వాత గ్రామాధికారులు అదే పద్ధతిలో కొనసాగించిందే ఉంది. ఇంటి వసారాలో అన్నదమ్ములు, నలుగురు పెద్దమనుషులు కూర్చుని పంచుకున్న లెక్కను కాగితం మీద నుంచి తెర మీదకు ఎక్కించారు. ఆ పంపకం జరిగేటప్పుడు కూతురు వంటింట్లో కాఫీలు కలుపుతూనో, అత్తగారి ఊళ్లోనో ఉంది. తెర మీద ఎందుకు కనిపిస్తుంది?

వెతికే పద్ధతే చూడండి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకోవాలి. ఆ తర్వాత సర్వే నంబరో, ఖాతా నంబరో, పట్టాదారు పేరో ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లకు పెళ్లి చేసి పంపిన పిల్లకు పుట్టింటి సర్వే నంబరు ఎవరు చెబుతారు? ఆమెకు తెలిసింది చింతమాను చేను, వంక పక్క మడి, గుడి వెనక మెట్ట. కలుపు తీసింది అక్కడ, మిరపకాయలు కోసింది అక్కడ. ఏ మూల రాళ్లెక్కువో, ఏ కయ్యకు నీళ్లెక్కవో ఆమె చెప్పగలదు. నంబరు మాత్రం పాసు పుస్తకంలో ఉంటుంది. పాసు పుస్తకం బీరువాలోనో, బ్యాంకులోనో ఉంటుంది. పేరుతో వెతుకుదామంటే ఎవరి పేరుతో? తాత పేరు ఒక చోట ఇంటిపేరుతో, ఇంకో చోట పొడి అక్షరంతో ఉంటుంది. ఇక ఆడవాళ్ల పేర్ల పక్కన గడిలో తండ్రి పేరో, భర్త పేరో ఉంటుంది. పుట్టింటి భూమికి ఆమెను గుర్తించడానికి భర్త పేరు పనికిరాదు, మెట్టినింటి భూమికి తండ్రి పేరు పనికిరాదు. మన పల్లెల రికార్డుల్లో నేను చూసినంతవరకు, వారసత్వంగా భూమి వచ్చిన ఆడవాళ్లు ఎక్కువమంది భర్త పోయి, కొడుకులు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లే. మగదిక్కు లేనప్పుడు ఆమె పట్టాదారు అవుతుంది. కొడుకు పెద్దవాడయ్యేదాకా ఆ పేరును అట్టిపెడతారు.

ఇక నా సంగతి. మాది పాత గిద్దలూరు తాలూకాలో ఒక ఊరు. స్త్రీల ఆస్తిహక్కు మీద పుస్తకాలు చదివి, సమాజశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్న నేను మా నాయన భూమి కోసం ఆ వెబ్‌సైటు తెరిచింది ఆయన పోయిన చాలా ఏళ్లకు. అన్నదమ్ములిద్దరి పేర్ల మీద రెండు ఖాతాలు కనిపించాయి. భూమి ఎలా వచ్చిందో చెప్పేచోట వారసత్వం అని ఉంది. మేం ముగ్గురు పిల్లలం, మా అమ్మ అప్పటికి బతికే ఉంది. నలుగురు వారసుల్లో ఇద్దరిని తీసేస్తే మిగిలింది కూడా వారసత్వమేనట! ఇది కంప్యూటర్ తప్పు కాదు. ఎవరో దరఖాస్తు పెట్టారు, ఎవరో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చారు, ఎవరో విచారణ చేశామని రాశారు. హక్కు మార్చే ముందు దానివల్ల నష్టపోయే వాళ్లకు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలని 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసు పుస్తకాల చట్టమే చెబుతోంది. నాకు ఏ నోటీసూ రాలేదు. ఏ ఊరి కార్యాలయమని రాయను. ఒక కార్యాలయాన్ని వేలెత్తి చూపితే మిగతావన్నీ సుద్దపూసలైపోతాయి.

దీన్ని వ్యక్తిగత గోడుగా కాక, చట్టం ఎదురుగా పెట్టి చూడాలి. వీలునామా లేకుండా చనిపోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు సమాన వాటాదారులని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితం, అంటే ఉమ్మడి కుటుంబ ఆస్తి మాత్రం మగవాళ్ల చేతిలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని దేశంలో అందరికంటే ముందుగా సవరించిన రాష్ట్రాల్లో ఒకటి. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతుళ్లను కూడా పుట్టుకతో వాటాదారులను చేసింది. అయితే ఆ నాటికి పెళ్లయిపోయిన వాళ్లను వదిలేసింది. మా మేనత్తలందరూ ఆ తేదీ దగ్గర జారిపోయిన వాళ్లే. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ పెళ్లి షరతు తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న మీమాంసను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చింది అని చెప్పింది. కంభం, మార్కాపురం ముస్లిం కుటుంబాల్లో కొడుకు వాటాలో సగం కూతురికి రావాలి. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకూ కూతురూ ఒకటే. ఏ మతం చట్టం తీసుకున్నా కూతురికి సున్నా లేదు. 1-బిలో మాత్రం అన్ని మతాల కూతుళ్లకూ ఒకే సున్నా కనిపిస్తుంది. ఉమ్మడి పౌరస్మృతి కావాలని అరిచేవాళ్లకు ఇది కనిపించదేమో!

ఇప్పుడు ఆ పెద్దామె ప్రశ్నకు వస్తాను. రికార్డులో పేరు లేకపోతే హక్కు పోయినట్టేనా? కాదు. రెవెన్యూ రికార్డులో పేరు మార్పు హక్కును పుట్టించదు, చంపదు, అది శిస్తు ఎవరు కట్టాలో తేల్చుకోవడానికే అని 1996లో సావర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా ఎన్నో తీర్పుల్లో అదే మాట చెబుతూ వచ్చింది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మన 1971 చట్టం ప్రకారం హక్కుల రికార్డులో ఉన్నది తప్పని రుజువయ్యేదాకా ఒప్పు కిందే లెక్క. అంటే పేరున్న అన్న ఇంట్లో కూర్చుంటాడు. పేరులేని చెల్లెలు పనులు మానుకుని, బస్సెక్కి, వకీలుకు డబ్బు కట్టి, తాను తన తండ్రికి పుట్టానని రుజువు చేసుకోవాలి.

రెండో మెలిక ఇంకా ప్రమాదకరం. దీని గురించి మన పత్రికల్లో కూడా చర్చ జరగలేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడడానికి లేదు. నోటిమాట పంపకం చెల్లదు. అయితే వినీతా శర్మ తీర్పులోనే ఒక మినహాయింపు ఉంది. అరుదైన సందర్భాల్లో, ప్రభుత్వ రికార్డుల ఆధారం గట్టిగా ఉంటే నోటిమాట పంపకాన్ని కూడా కోర్టు ఒప్పుకోవచ్చు. అప్పుడు అన్నదమ్ముల పేర్ల మీద పాత అడంగల్‌లో విడివిడి ఖాతాలుంటే, "ఎప్పుడో పంచుకున్నాం, ఇదిగో చూడండి" అని వాళ్లు వాటినే పట్టుకొస్తారు. అందుకే ఈ వెతకడం కాలక్షేపం కాదు. ఖాతాలు ఏ ఫసలీలో విడిపోయాయో మనకు తెలియాలి. 2004కు ముందా, తర్వాతా? ఎవరి ఉత్తర్వుతో? వెబ్‌సైటు సాధారణంగా ఇప్పటి స్థితి చూపిస్తుంది తప్ప ఈ చరిత్ర చెప్పదు. చెరిపేసిన పేరు తెర మీద ఖాళీగా కూడా కనిపించదు. పాత అడంగళ్లు, 10(1) లెక్క, ఆర్.ఎస్.ఆర్. నకళ్ల కోసం తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన ప్రాంతం వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పాత కాగితాల మీద ఆ జిల్లా పేరు చూసి ఇది మనది కాదనుకుని వదిలేయవద్దు.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా చూడవచ్చు. 1983 నుంచి జరిగినవి అందులో దొరుకుతాయి. నా అనుభవంలో ఆడవాళ్లు ఎక్కువగా దిగ్భ్రాంతి చెందేది ఇక్కడే. తమ పేరు అసలు కనిపించని చోట కాదు, కనిపించిన చోట. "హక్కు విడుదల" అన్న దస్తావేజులో తానే రాసిచ్చినట్టు ఉంటుంది. ఎప్పుడు రాసిచ్చింది? నాయన దినాలకు వెళ్లినప్పుడు, "బ్యాంకు లోను కోసం అందరి సంతకాలూ కావాలంట, రామ్మా" అని అన్న మోటారు సైకిల్ మీద తీసుకెళ్లిన రోజు. చీర పెట్టి పంపిన రోజు. మరోవైపు ఈసీలో కనిపించనివి కూడా ఉన్నాయి. వీలునామాలను వేరే పుస్తకంలో నమోదు చేస్తారు, అవి ఈసీలోకి రావు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా రాదు. పసుపు కుంకుమ కింద నీకు ఆ అరెకరం అని నోటితో ఇచ్చింది అసలే రాదు. కూతురికి ఇచ్చేటప్పుడు నోటిమాట, కొడుకుకు ఇచ్చేటప్పుడు దస్తావేజు. ఇది మన సంప్రదాయమట.

పట్నంలో ఇళ్ల సంగతి మరో తీరు. మార్కాపురంలో, గిద్దలూరులో ఇంటిపన్ను బకాయిని పురపాలక శాఖ వెబ్‌సైటులో అసెస్‌మెంటు నంబరుతోనో, యజమాని పేరుతోనో, ఇంటి నంబరుతోనో చూడవచ్చు. చూస్తే చనిపోయిన మగవాళ్లు ఇంకా పన్ను కడుతూ కనిపిస్తారు. ఆయన పోయి పదిహేనేళ్లయినా డిమాండు నోటీసు ఆయన పేరు మీదే వస్తుంది, డబ్బు మాత్రం ఆ ఇంట్లో మిషను కుట్టుకుంటున్న భార్య కడుతుంది. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ లెక్క పోయి, ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. అంటే స్థలం ధర పెరిగిన కొద్దీ ఆమె కట్టేదీ పెరుగుతుంది. పేరు మార్పించుకోవమ్మా అంటే, "పెద్దోడు ఏమనుకుంటాడో" అంటుంది. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. అయినా కొడుకు అమ్మను బయటికి పొమ్మన్న రోజు, నేనిక్కడే ఉన్నాను, ఇంత కాలం నేనే కట్టాను అని చూపడానికి ఆమె చేతిలో అంతకంటే వేరే కాగితం ఉండదు. అందుకే రసీదులు పారేయవద్దంటాను.

"రికార్డులో ఆడవాళ్ల పేర్లు ఎక్కించడం అంత సులభం కాదు మేడం, ఊళ్లో గొడవలవుతాయి" అని ఒక అధికారి నాతో అన్నాడు. ప్రభుత్వం తలచుకుంటే ఎక్కించడం ఎంత సులభమో చూశాం. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేర్ల మీదే ఇచ్చారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. ఏ ఊళ్లోనూ ఆకాశం విరిగిపడలేదు. నల్లమల కింద దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచులకు వర్తించే 2006 అటవీ హక్కుల చట్టం, పెళ్లయిన వాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఇవ్వాలని చెబుతోంది. అంటే గడి లేకపోవడం, కంప్యూటర్‌లో వీలుకాకపోవడం అన్నవి సాకులు. ప్రభుత్వం తాను ఇచ్చే సెంటున్నర మీద స్త్రీ పేరు రాస్తుంది. తండ్రి ఎకరాల జోలికి వచ్చేసరికి కుటుంబ వ్యవహారం అంటుంది. డీకేటీ పట్టా తప్ప మరేమీ లేని దళిత స్త్రీకి ఆ ఎకరాల గొడవ కూడా లేదు. ఆమె పోరాటం వేరే వ్యాసం, దాన్ని ఇందులో ఒక వాక్యంతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు.

కంభం చెరువు కట్టించింది కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. 2020లో దాన్ని అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు అందరం సంతోషించాం. ఆ చెరువు కింద పారే మడుల అడంగల్ తీసి, పట్టాదారు గడిలో ఎన్ని "అమ్మ"లున్నాయో ఒక రోజు కూర్చుని లెక్కపెట్టండి.

పేరు లేకపోతే ఏం పోయింది, తినేది అందరూ కలిసే కదా అనే మాట ఇంకా వినిపిస్తోంది. వెలిగొండ ముంపు గ్రామాల ఆడవాళ్లను అడగండి. భూసేకరణ డబ్బు రికార్డులో ఉన్న పేరు చూసుకుని ఆ బ్యాంకు ఖాతాలోకి పోతుంది. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, వదిలివేయబడ్డ స్త్రీలు విడి కుటుంబాలుగా లెక్కకు రావాలని 2013 భూసేకరణ చట్టంలో ఉంది. కానీ అది పునరావాసానికి సంబంధించిన మాట. భూమికి పరిహారం భూమి ఎవరి పేర ఉంటే వాళ్లకే. అన్నకు డబ్బు వచ్చిన సంగతి చెల్లెలికి బంధువుల పెళ్లిలో తెలుస్తుంది. పంట రుణం, బీమా, పెట్టుబడి సాయం అన్నీ దాదాపు ఆ ఒక్క గడి చుట్టూనే తిరుగుతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీల చేతిలో ఉన్నవి సుమారు 14 శాతం. ఇది సాగు లెక్క, యాజమాన్యం లెక్క కూడా కాదు.

కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటన్న వాదనకు నేను పెద్దగా సమయం ఇవ్వను. కట్నం ఆమె చేతికి రాలేదు, అత్తగారింటికి పోయింది. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 నుంచి నేరాలే. నేరం చేశామన్నది వాటా ఎగ్గొట్టడానికి కారణం ఎలా అవుతుంది? కానీ మన మిత్రుల్లోనే కొందరు చేసే ఇంకో వాదన గురించి ఆలోచించాను. భూమి వివరాలు ఇలా బహిరంగంగా ఉండడం వల్ల పెళ్లిచూపులకు ముందే మగపెళ్లివారు పిల్ల తండ్రి 1-బి చూసుకుని బేరం పెంచుతున్నారు, దీన్ని మూసేయాలి అంటారు. చూస్తున్న మాట నిజమే, మా బంధువుల్లోనే చూశాను. అయినా మూయమని నేననను. రిజిస్టరైన దస్తావేజుల పుస్తకాన్ని, సూచికను ఎవరైనా చూడవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. మూస్తే మళ్లీ అన్నగారి బీరువా దగ్గరికి పోతాం. కాబోయే అల్లుడు చూడగలిగింది కూతురు ఎందుకు చూడకూడదు?

2022లో శాసనసభ ఆమోదించి, 2023 అక్టోబరు చివర అమల్లోకి తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం గుర్తుందా? రిజిస్టరులో ఎక్కిన పేరు మీద రెండేళ్లలో అభ్యంతరం చెప్పకపోతే అదే తిరుగులేని హక్కు అయ్యేది. 2024 ఎన్నికల్లో దాని మీద ఎంత రభస జరిగిందో అందరూ చూశారు. అదే ఏడాది జూలైలో రద్దు చేశారు. మంచిదే. కానీ ఆ రభసలో ఎవరి భూమి పోతుందని భయపెట్టారు? రైతన్నది, అతని పట్టాది. అప్పటికే రికార్డులో లేని కోట్లాది కూతుళ్ల సంగతి ఒక్క పార్టీ ఎత్తలేదు, మనమూ గట్టిగా ఎత్తలేదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పేర్లు మార్చుకుని సాగుతోంది. గట్ల మీద కొత్త కొలతలు వేస్తున్నారు. కొలతతో పాటు వారసుల లెక్క కూడా సరిచేయమని ఇప్పుడు అడగకపోతే, ఉపగ్రహం సాక్షిగా పాత అన్యాయమే సెంటీమీటర్లతో సహా స్థిరపడుతుంది.

మన డిమాండు పెద్దదేమీ కాదు. వారసత్వం కింద ఖాతా మారిన ప్రతిచోటా, ఆ మార్పుకు ఆధారమైన కుటుంబ సభ్యుల జాబితాను వెబ్‌సైటులో ఆ ఖాతా కిందే పెట్టాలి. జాబితాలో ఉండి ఖాతాలో లేని వాళ్లు ఎందుకు లేరో అక్కడే రాయాలి, వాళ్లు రాసిచ్చిన దస్తావేజు నంబరుతో సహా. కూతుళ్లకు నోటీసు చేరిందన్న రుజువు లేకుండా ఏ మార్పూ చేయకూడదు. చావిడి గోడకు అంటించిన కాగితం అత్తగారి ఊళ్లో ఉన్న ఆడపిల్లకు కనబడదు. ఆడవాళ్ల పేరు పక్కన తండ్రి పేరు తప్పనిసరిగా ఉండాలి, భర్త పేరు ఉన్నా లేకపోయినా.

నేను మా ఊరి ఖాతాల మీద అభ్యంతరం పెట్టాను. అన్న నాతో మాట్లాడటం మానేశాడు. వదిన మాత్రం ఒక రోజు ఫోన్ చేసి, తన పుట్టింటి ఊరి అడంగల్ ఎలా చూడాలో మెల్లగా అడిగింది.

వచ్చే నెల నుంచి మార్కాపురం, గిద్దలూరు సమావేశాలకు వచ్చేవాళ్లు పుట్టింటి ఊరు, మండలం, తాత పేరు, తండ్రి పేరు, ఆయన పోయిన సంవత్సరం, తోబుట్టువుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రండి. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టండి. పొలానికి ఊళ్లో వాడుక పేరేదైనా ఉంటే అదీ రాయండి, పక్క పొలాల వాళ్ల పేర్లు తెలిస్తే ఇంకా మంచిది, వాటిని పట్టుకుని సర్వే నంబరు దాకా పోవచ్చు. కాలేజీ పిల్లలు నలుగురు ఫోన్లతో కూర్చుంటారు. పలకల పని పెద్దామె కాగితం ఇప్పటికే నా దగ్గరుంది.